పదకొండో నంబరు

ఆ గది ఒకప్పుడు ఆటసామాన్ల కొట్టు.
ఇప్పటికీ పాత ప్యాడ్ల చెమటవాసన,
మూలన కాలు విరిగిన క్యారమ్ బోర్డు.
తలుపు మీద "కౌన్సెలింగ్" అన్న కాగితానికి
ఒక పక్క జిగురు ఊడిపోయింది.
గాలికి ఊగుతూ నన్ను రమ్మంటోందో
పొమ్మంటోందో తెలిసేది కాదు.

మూడుసార్లు ఆ వరండాలోంచి వెనక్కెళ్లాను.
ఒకసారి షూ లేసు కట్టుకున్నట్టు నటించాను.
ఒకసారి నోటీసు బోర్డులో
ఎవరిదో పోయిన గొడుగు గురించి రెండుసార్లు చదివాను.
మూడోసారి మా బ్యాచ్ కుర్రాళ్లు ఎదురయ్యారు.
"ఏరా ఎల్లాజీ, చినవాల్తేరు ఆసుపత్రి బస్సు ఇక్కడాగదురా!"
నేనూ నవ్వాను,
అందరికంటే గట్టిగా.

నాలుగోసారి ఇంతియాజ్ తీసుకొచ్చాడు.
ఏమీ అడగలేదు వాడు.
నా మంచం కింద మూడ్రోజులుగా మూత తియ్యని
క్యారేజీ చూశాడు,
ఉతికిన చొక్కా ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

హైమవతి మేడం పుస్తకం మూసే ఉంచింది.
నిద్ర పడుతోందా? పడుతోందండి.
తింటున్నావా? తింటున్నానండి.
మీదే ఊరు?
ఊరేంటి మేడం, పెదజాలరిపేట.
ఒక గదిలో ఆరుగురం, చదువు సాగదని
అయ్య అప్పు చేసి హాస్టల్లో పెట్టాడు.
ఈ కిటికీ తెరిస్తే మా బోట్లు కనిపిస్తాయి.
అందుకే నేను తెరవను.

సముద్రం గురించి చెప్పమంది.
అది చెప్పగలను.
పోర్టులో ఒకటో నంబరు ఎగరేస్తే
ఎక్కడో దూరాన గాలి సుడి తిరుగుతున్నట్టు.
మూడైతే రేవు మీదికి ఈదురుగాలి.
పది అంటే పడవలన్నీ ఇసకలోకి లాగి
దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే.
నా గొంతు నాకే కొత్తగా వినబడింది.
వరసగా అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో!

"మరి ఇవాళ నీకు ఎన్నో నంబరు?"

నాలుగు సబ్జెక్టులు పోయాయని చెబుదామనుకున్నాను.
"పదకొండు" అన్నాను.
పది తర్వాత ఇంకోటుందని ఆమెకి తెలీదు.
పదకొండంటే గాలి ఎంతో ఎవరికీ తెలీదు మేడం.
తుఫాను ఆఫీసుతో మాట తెగిపోయిందని,
అంతే.

కాసేపు ఫ్యాను చప్పుడే.
తర్వాత, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా,
"చచ్చిపోవాలనిపిస్తోందా?" అంది.
రాత్రుళ్లు చింతగింజలా బుగ్గన పెట్టుకుని
నమలలేక, ఉమ్మలేక తిరిగిన మాట అది.
ఇంకొకరి నోట వినగానే
దాని బరువు కొంచెం అటు జరిగింది.
తలూపాను.
ఆమె అరవలేదు, ఎవర్నీ పిలవలేదు.
కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

ఆమె పక్కనుండగానే అయ్యకి ఫోను చేశాను.
"ఏటైనాదిరా?"
ఏటీ నేదనబోయి, ఆగాను.
"పదకొండయ్యా."
అటువైపు అల ఒకటి విరిగింది, ఇంకొకటి విరిగింది.
"కదలకు. వచ్చేత్తన్నాను."

ఉప్పు కట్టిన లుంగీతో, షేరాటోలో,
గేటు దగ్గర వాచ్‌మన్‌తో తగువాడి వచ్చాడు.
ఏం మాట్లాడాలో తెలీక, నా చేతులు తిప్పి తిప్పి చూశాడు,
చిరిగిన వలలో కన్ను ఎక్కడ తెగిందో వెతికినట్టు.
"నంబరెక్కిన రోజు నేనేటకెల్తానేట్రా?" అన్నాడు చివరికి.
"ఒడ్డునుండిపోతాను.
నన్నెవుడు పిరికోడన్నాడు?"

ఇప్పుడు నెలకోసారి కేజీహెచ్, రాత్రికో మాత్ర.
ప్రతి మంగళవారం ఆటసామాన్ల గది.
పోయినవారం రెండు. ఈ వారం నాలుగు.
ఎందుకు పెరిగిందని మేడం కంగారుపడలేదు,
నాకే కొంచెం కోపమొచ్చింది.
సబ్జెక్టులు ఇంకా మూడు మిగిలే ఉన్నాయి.

బయటికొచ్చేసరికి బెంచీ మీద ఇంతియాజ్,
నా వంతు బఠాణీలు కూడా తినేస్తూ.
నోటీసు బోర్డు ముందు ఫస్టియర్ పిల్ల ఒకతి
కళ్లు కదపకుండా ఏదో చదువుతోంది.

"గొడుగు ఇంకా దొరకలేదండి" అన్నాను.
"తలుపు తీసే ఉంది."